తడిగోడ ముఠా, ఒక నల్లమీసం

"ఈ గోడ ఏడవడం లేదు. దీన్ని ఎవరో ఏడిపిస్తున్నారు."

సెల్లార్ మెట్ల మీద మూడో మెట్టు దగ్గర ఆగి, టార్చిలైటుతో గోడను ఆపాదమస్తకం పరికించి మా ఆయన చేసిన ప్రకటన ఇది. అప్పుడు పట్టపగలు. పైగా గదిలో లైటు వెలుగుతూనే ఉంది. అయినా చేతిలో టార్చి లేకపోతే ఆయనకు బుర్ర పనిచేయదు.

"నా మేధస్సుకు తగ్గ కేసు ఇన్నాళ్లకు వెతుక్కుంటూ నా ఇంటికే వచ్చింది," అన్నారు.

"వచ్చింది కేసు కాదు, నీళ్లు. కాస్త కాలు తీయండి, నా అట్టల కట్ట మీద నిలబడ్డారు," అన్నాను.

మా ఆయన బస్సు డిపోలో, ప్రయాణికులు మరచిపోయిన వస్తువుల గదికి గుమాస్తా. పద్దెనిమిదేళ్లుగా గొడుగులను, సంచులను, ఒంటి చెప్పులను వాటి యజమానులకు అప్పగిస్తున్నారు. ఒకసారి ఒక కట్టుడుపళ్ల సెట్టును సరైన నోటికి చేర్చారు. ఆ రోజు నుంచి ఆయన గుమాస్తా కాదు, డిటెక్టివ్. ఆ పళ్ల కోసం వచ్చింది ఒక్క మనిషే కదా, ఆయన నోట్లో ఒక్క పన్ను కూడా లేదు కదా అని నేను గుర్తు చేస్తే, "అందరూ చూస్తారు. నేను గమనిస్తాను," అంటారు. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో అంతుపట్టలేదు.

ఇక నా సంగతి. ఆ సెల్లార్ నా బైండింగ్ గది. పాత పుస్తకాలు విప్పి, మళ్లీ కుట్టి, అట్ట వేసి, గుడ్డ అతికించి, వెన్ను మీద పేరును బంగారు అక్షరాల్లో అచ్చు వేస్తాను. ఇన్నాళ్లూ వాళ్ల డైరీ, వీళ్ల నోటుపుస్తకం అంటూ చిల్లర పనులతో నెట్టుకొచ్చిన నాకు, మొదటిసారి లైబ్రరీ నుంచి నూట నలభై పుస్తకాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే తూర్పు గోడ చెమ్మగిల్లడం మొదలుపెట్టింది. తడి గదిలో జిగురు ఆరదు, అట్ట వంకర్లు పోతుంది, కాగితానికి బూజు పడుతుంది. లైబ్రేరియన్ మేడమ్ మర్యాదగానే చెప్పింది కానీ తేల్చి చెప్పింది. గది బాగవడానికి ఎన్నాళ్లు పడుతుందో శనివారం సాయంత్రం ఆరింటిలోగా తెలియజేయాలి. రెండు మూడు రోజులైతే సరే, నెల పట్టేదైతే పుస్తకాలు వేరే బైండరుకు పంపేస్తుంది. కాబట్టి నాకు కావలసింది డిటెక్టివ్ కాదు, నమ్మదగ్గ ఎస్టిమేటు ఒకటి.

"ముగ్గురిని పిలిచి గోడ చూపిద్దాం. ఎన్ని రోజుల పనో ముగ్గురినీ అడుగుదాం," అన్నాను.

"పిలుద్దాం. గోడ మాత్రం చూపించకూడదు."

"చూపించకపోతే ఎలా చెబుతారండీ?"

ఆయన జాలిగా నవ్వారు. "మా డిపోలో గొడుగు పోయిందని వచ్చినవాడికి ముందే గొడుగు చూపిస్తామా? రంగేంటో, పిడి ఎలా ఉంటుందో వాడే చెప్పాలి. చెబితేనే గొడుగు. కాంట్రాక్టరైనా అంతే. లీకు ఎక్కడుందో మనం నోరు విప్పకూడదు. తనంతట తాను కనిపెట్టినవాడే నిజాయితీపరుడు."

"గొడుగు పోగొట్టుకున్నది వాడు. ఈ గోడ వాళ్లెవరూ పోగొట్టుకోలేదు కదా," అన్నాను.

"నీకు వృత్తి రహస్యాలు అర్థం కావులే," అన్నారు.

పైనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, వాడితో వాదించకు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో తను దాక్కున్న చోటు తనే మరిచిపోయిన రకం."

గురువారం ప్లంబర్ వచ్చేసరికి నేను బజారులో గుడ్డ కొంటున్నాను. ఇంట్లో ఉన్న మా ఆయన, తూర్పు గోడను నా కొత్త తువ్వాలుతో తుడిచి ఆరబెట్టి, దాని ముందుకు అల్మారా జరిపి సిద్ధంగా ఉన్నారట.

"ఏంటి సార్ సమస్య?" అన్నాడట ప్లంబర్.

"అది మీరు చెప్పాలి," అన్నారట ఈయన, కుర్చీలో వెనక్కి వాలి.

పాపం, ఆ మనిషి గదంతా తిరిగి, నేను బ్రష్షులు కడుక్కునే మూల కుళాయి తిప్పి చూసి, "వాషరు అరిగింది. పావుగంట పని," అని చెప్పి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున మేస్త్రీ వచ్చాడు. ఆ పూట నేను ఇంట్లోనే ఉన్నాను. ఉండీ లాభం లేకపోయింది. నేను కిందికి దిగేలోపే మా ఆయన పడమటి గోడ మీద బకెట్టు నీళ్లు గుమ్మరించేశారు. దాన్ని డిటెక్టివ్ భాషలో దొంగ ఆధారం అంటారట. నిజాయితీపరుడు అందులో పడడట.

మేస్త్రీ పడ్డాడు. పడమటి గోడను వేలితో కొట్టి చూసి, తల అడ్డంగా ఊపి, "ఇది పగలగొట్టి మళ్లీ కట్టాల్సిందేనమ్మా. పన్నెండు రోజులు," అన్నాడు.

"మేస్త్రీగారూ, తడి ఈ గోడకు కాదండీ, ఆ అల్మారా వెనక గోడకు."

"అమ్మా, తడి కళ్లముందు కారుతుంటే కాదంటారేంటి?" అన్నాడు. నన్ను చూసిన ఆ చూపులో కొంచెం భయం కూడా ఉంది.

సాయంత్రం వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ వచ్చేటప్పటికి ఆ బకెట్టు నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. ఈసారి నేను ఊరుకోలేదు. అల్మారాను నేనే పక్కకు లాగి తూర్పు గోడ చూపించాను. ఆ రోజు అత్తగారు పొద్దున్నే పక్కవీధి చెల్లెలింటికి వెళ్లి ఇంకా రాలేదు. వెధవ గోడ, నా పరువు తీయడానికే అన్నట్టు, పొడిగా ఉంది.

"ఇది బాగానే ఉంది మేడమ్. నీళ్లు అడుగునుంచి ఊరుతున్నాయి. సామానంతా ఖాళీ చేయించండి. నేలా గోడలూ అన్నీ కోటింగ్ చేయాలి. నెల పడుతుంది," అన్నాడాయన.

పావుగంట, పన్నెండు రోజులు, నెల. ఇదీ శనివారం మధ్యాహ్నానికి నా చేతికొచ్చిన ఎస్టిమేటు. లైబ్రేరియన్ మేడమ్‌కి ఏం చెప్పను? పావుగంట నుంచి నెల మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు బాగవుతుందని చెప్పనా? మెట్ల మీద కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చేశాను.

మా ఆయన కంగారుపడి పక్కన కూర్చున్నారు. ఆయనకు కేసులంటే ఎంత పిచ్చో నా కన్నీళ్లంటే అంత భయం. కాసేపు తన నిఘా పుస్తకం పేజీలు తిప్పారు. పది రోజులుగా పొద్దునా సాయంత్రమూ అదే మెట్టు మీద కూర్చుని, వాచీ చూస్తూ అందులో ఏదో రాస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"మూడు ఎస్టిమేట్లు, మూడు అబద్ధాలు. అంటే ముగ్గురూ ఒకే ముఠా. నిన్న ముగ్గురూ ఒకే టీకొట్టు బెంచీ మీద కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఆరింటిలోగా వాళ్ల గుట్టు రట్టు చేస్తాను. నువ్వు ఏడవకు."

"వీధికంతటికీ ఉన్నది ఆ ఒక్క టీకొట్టేనండీ," అన్నాను. అప్పటికే ఆయన మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. మేస్త్రీ చెప్పగా విన్నాను. మా ఆయన మారువేషం వేశారు. డిపోలో పదేళ్లుగా ఎవరూ అడగని పొడుగు కోటు, ఒక కాలు విరిగిన కళ్లజోడు, నెరిసిన జుట్టుకూ మీసానికీ చిక్కగా నల్లరంగు. రంగు పూసి అరగంట ఆగి కడుక్కోవాలని ప్యాకెట్టు మీద రాసే ఉంటుంది. న్యాయం అరగంట ఆగదని ఆయన అభిప్రాయం. తడి రంగుతోనే వెళ్లి ఆ ముగ్గురి పక్కన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు, మా గురించే.

"ఆ ఇంట్లో నాకు చూపించడానికి ఏమీ లేదు. ఒట్టి వాషరు," అన్నాడు ప్లంబర్.

"వాషరేంటి, పడమటి గోడ వరదలా కారుతుంటే," అన్నాడు మేస్త్రీ.

"గోడలు బాగానే ఉన్నాయి, నేలే చెరువు," అన్నాడు మూడోవాడు.

"మనం ముగ్గురం వెళ్లింది ఒకే ఇంటికేనా?" అన్నాడు ప్లంబర్.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పేపరు తడిసింది, మీసం కారింది. గడ్డం మీదుగా కోటు మీదికి నల్లటి ధారలు కడుతుంటే మేస్త్రీ వంగి చూసి, "సార్, మీరేనా?" అన్నాడు.

ముఠా తనను గుర్తుపట్టేసిందని గ్రహించిన డిటెక్టివ్ వెంట తెచ్చుకున్న గొడుగు విప్పకుండానే అక్కడ వదిలేసి పరుగందుకున్నారు.

నేను మాత్రం సెల్లార్లో పుస్తకాలను తిరిగి పంపడానికి పదేసి చొప్పున కట్టలు కడుతున్నాను. సమయం ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఒక్కో కట్టకు ముడి వేస్తుంటే, ఇలాంటి పని మళ్లీ నా గడప తొక్కదని తెలుస్తూనే ఉంది. ఫోను పక్కనే పెట్టుకున్నాను. పైన వీధి తలుపు ధడాలుమంది. వరండాలో, అత్తగారు తప్ప ఇంకెవరూ వాడని వాష్‌బేసిన్ దగ్గర కుళాయి విప్పిన చప్పుడు, దానివెంట అత్తగారి గొంతు.

"ఒరేయ్, ఎవర్రా నువ్వు? దొంగవా?"

"అమ్మా, నేనే."

"నీకంటే దొంగే నయం. బేసినంతా నల్లగా చేశావు కదరా."

నంబరు నొక్కబోతూ తలెత్తాను. తూర్పు గోడ మీద, సరిగ్గా ఎప్పుడూ తడిసే చోట, ఒక నల్లటి గీత కిందికి దిగుతోంది. చూస్తుండగానే పక్కన ఇంకొకటి దిగింది.

"ఏవండీ, కుళాయి కట్టేయండి," అని అరిచాను.

కుళాయి ఆగింది. కాసేపటికి గీత ఆగింది.

"ఇప్పుడు విప్పండి."

గీత మళ్లీ కదిలింది.

అదే సమయానికి గొడుగు తిరిగివ్వడానికి ముగ్గురు కాంట్రాక్టర్లూ గుమ్మంలోకి వచ్చారు. గొడుగును అలాగే లాక్కుని ముగ్గురినీ కిందికి తోలాను. తుడవని, అల్మారా అడ్డంలేని గోడను ముగ్గురూ మొదటిసారి ఒకేసారి చూశారు. ప్లంబర్ మెట్టు మీద పడి ఉన్న నిఘా పుస్తకం తీసి తిరగేశాడు. తిరగేస్తూ బయటికే చదివాడు.

"పొద్దున ఆరూ పది. అమ్మ ముఖం కడుక్కుంది. కేసుకు సంబంధం లేదు. ఆరూ పదిహేను. గోడ మీద తడి. సాయంత్రం ఐదూ ఇరవై. అమ్మ కాళ్లు కడుక్కుంది. కేసుకు సంబంధం లేదు. ఐదూ పాతిక. గోడ మీద తడి." పేజీ తిప్పాడు. "శుక్రవారం. అమ్మ పిన్ని ఇంటికి వెళ్లింది. గోడ పొడి. నేరస్తుడు జాగ్రత్తపడ్డాడు." పుస్తకం మూశాడు. "సార్, మీరు పది రోజుల కిందటే కనిపెట్టేశారు. మీకే తెలియలేదు."

"బేసిన్ నీళ్లు పోయే గొట్టం ఈ గోడలోంచే దిగుతుంది. అతుకు వదిలింది, అంతే," అన్నాడు మేస్త్రీ.

"ఎన్ని రోజులు?" అన్నాను.

"గొట్టం రేపు పొద్దున మారుస్తాను, ఒక పూట," అన్నాడు ప్లంబర్.

"నాలుగిటుకలు తీసి పెట్టి పూత వేయడం నాకు ఇంకో పూట," అన్నాడు మేస్త్రీ.

"నాకిక్కడ పనే లేదు మేడమ్. రెండు ఫ్యాన్లు పెట్టండి, మంగళవారానికి ఆరిపోతుంది," అన్నాడు మూడోవాడు. ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఆరుకు ఒక నిమిషం ఉండగా లైబ్రేరియన్ మేడమ్‌కి ఫోను చేసి, మంగళవారం అని చెప్పాను. "అయితే పుస్తకాలు మీ దగ్గరే ఉంచండి," అంది. అప్పుడు మళ్లీ ఏడ్చాను. మా ఆయన మళ్లీ కంగారుపడ్డారు. ఇది వేరే ఏడుపని అత్తగారు చెప్పాక కుదుటపడి, సగం నలుపు, సగం తెలుపు మీసం దువ్వుకున్నారు.

"అంతా నా పథకం ప్రకారమే జరిగింది. రంగు ఊరికే పూసుకున్నాననుకున్నావా?" అన్నారు.

అంతా మీ పథకమేనండీ అన్నాను. ఆ సాయంత్రం ఆయన ఏమన్నా ఒప్పుకునేదాన్నే.

నూట నలభై పుస్తకాలూ గడువులోగా వెళ్లాయి. చివర్లో ఎర్రగుడ్డ ముక్క ఒకటి మిగిలితే, మా ఆయన నిఘా పుస్తకాన్ని కూడా కుట్టి, గట్టి అట్ట వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలు అచ్చు వేసి చేతికిచ్చాను. ఆయన టార్చి వేసి మరీ చదివారు.

"కేసుకు సంబంధం లేదు."

చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి.

"పేరు అదిరింది," అన్నారు. "చదివేవాడికి చివరిదాకా అనుమానం రాదు."