ఓడలో పడుకున్న దేవుడు

మాచర్లలో నాపరాళ్ళ గని నడిపే గోపాలకృష్ణయ్యకు కొత్త హాలు కట్టినప్పటి నుంచీ ఒకటే పట్టుదల. గోడల నిండా రంగుల పటాలుండాలి, పల్నాడు మొత్తంలో అలాంటి హాలు మరొకటి ఉండకూడదు. యుద్ధం ముగిసి బొంబాయి సరుకు మళ్ళీ రైల్లో వస్తోందని తెలిసి, ఆ రోజు పొద్దున్నే కాఫీ తాగి బయలుదేరాడు.

"దేవుళ్ళనే తెండి. ఇంకేం తెచ్చినా నేను దీపం పెట్టను" అంది భార్య సుశీల.

స్టేషను వీధిలో పటాలమ్మే ఇమాం సాహెబు మూడు రకాలు పరిచాడు. వార్నీషు పూసి అద్దంలా మెరిసే నూనెరంగుల అచ్చు ఒకటి. దేవతల చీరలకు జరీ, చెమ్కీ అంటించినవి ఇంకో రకం. మూడోది పల్చటి కాగితం మీద అచ్చు. మెరుపు లేదు గానీ కళ్ళకు చల్లగా ఉంది. అందులో తెరచాపలెత్తి సముద్రం మీద పోతున్న దొరల ఓడ ఒకటుంది. గోపాలకృష్ణయ్య మనసు దాని మీద పడింది.

"గోడకి ఆనించి చూసుకుంటే గానీ తెలవదు అయ్యగారూ. అన్నీ తీసకపొండి. నచ్చినవాటికి చట్రం కడతా, మిగతావి సాయంత్రం తిప్పి పంపండి. మరకబడితే మాత్రం నాకు పనికిరావు."

"నా ఇంట్లో మరకేందయ్యా? మాటిస్తున్నా!"

వార్నీషు పటాలు దొంతి పెడితే ఎండకు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకని ఇమాం సాహెబు అన్నిటినీ ఎద్దుబండి చుట్టూ, బొమ్మలు బయటికి కనబడేలా నిలబెట్టి కట్టాడు. లక్ష్మి, రాముడు, వినాయకుడు బజారు వైపు చూస్తూ కదిలారు. వాళ్ళ ముందు ఇస్త్రీ పంచెలో గోపాలకృష్ణయ్య.

బజారు మలుపులో పక్కింటి కొండమ్మ ఎదురైంది. బిందెలో నీళ్ళు చక్రాల ముందు వారపోసి దండం పెట్టింది.

"ఎంత పుణ్యాత్ముడివి అన్నా! ఊళ్ళోకి ఇందరు దేవుళ్ళని తెచ్చావు!"

కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. అంతలో గుడ్డల కొట్లవాళ్ళంతా లేచి నిలబడి నమస్కారాలు చేశారు. గోపాలకృష్ణయ్య తెరిచిన నోరు మూసి, కండువా సర్దుకుని, తల కాస్త పైకెత్తాడు. రెండు వీధులు దాటేసరికి ముందు డప్పులు, వెనక భజన.

గుమ్మంలో నిలబడ్డ సుశీలకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు తన మాట విన్నది ఇదే మొదటిసారి. పరుగున హారతి పళ్ళెం తెచ్చింది. ఆడవాళ్ళంతా బండిని చుట్టుముట్టి, పటాలకు తడిపిన పసుపు పూయసాగారు.

"ఆగండి, ఆగండి!" అన్న ఆయన కేక డప్పుల్లో కలిసిపోయింది.

కొండమ్మ ఓడ దగ్గర ఆగింది. "ఇదేంది అన్నా? ఇందులో దేవుడేడీ?"

డప్పులు ఆగాయి. అందరూ ఆయన మొహం వంక చూశారు. దొరల ఓడను ఊరేగించానని ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా?

"లోపల పడుకున్నాడు" అన్నాడు గోపాలకృష్ణయ్య.

"పాలసముద్రం! ముందే చెప్పగూడదా?" అంటూ కొండమ్మ తెరచాపలకు దిట్టంగా పసుపు పూసి, కుంకుమ పెట్టింది.

జనం వెళ్ళాక మొగుడూ పెళ్ళాం గుడ్డలు పట్టుకుని కూర్చున్నారు. వార్నీషు పటాలకు పసుపు పోయింది, చారలు మిగిలాయి. జరీ పటాలకు పసుపుతో పాటు చెమ్కీ కూడా ఊడొచ్చింది. ఓడను తుడిచేసరికి సముద్రమంతా పచ్చబడింది. సాయంత్రం వచ్చిన ఇమాం సాహెబు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అట్టా చూస్తావేందయ్యా? అన్నీ ఉంచుకుంటున్నా. ఏరుకోవడం మా ఇంటా వంటా లేదు" అన్నాడు గోపాలకృష్ణయ్య, పసుపు చేతులు వెనక్కి పెట్టుకుని.

ఆ తర్వాత హాలుకు వచ్చేపోయే జనం తెగలేదు. ఆయన మురిసిపోయాడు. కొన్నాళ్ళకు ఎందుకో జనం పలచబడ్డారు. పచ్చబడ్డ ఓడ బాగాలేదేమోనని కొత్తదానికోసం కొట్టుకు వెళ్ళాడు.

"ఓడల్లేవు అయ్యగారూ. తెప్పించినవన్నీ మీ వీధివాళ్ళే పట్టకపోయారు. రాముణ్ణి చూపిస్తే వద్దు, లోపల పడుకున్నాయనే కావాలన్నారు" అన్నాడు ఇమాం సాహెబు.

తన హాలుకున్న గొప్ప కాస్తా పోయిందని దిగులుపడుతూ ఆయన ఇంటిదారి పట్టాడు. తలుపులు తీసున్న ప్రతి ఇంట్లోనూ ఓడే కనబడుతోంది. కొండమ్మ అరుగు మీంచి పిలిచింది.

"అన్నా, మా ఓడలో దేవుడు తల ఎటు పెట్టి పడుకున్నాడు? నువ్వు చెబితేనే ఆ పక్కన దీపం పెడతా."

గోపాలకృష్ణయ్య నిలబడ్డాడు. ఆయన దిగులు ఎటు పోయిందో పోయింది. కండువా సర్దుకుని, "తూర్పుకి" అన్నాడు.

ఆ ఎండాకాలం ఆ వీధిలో నీళ్ళున్న బావి ఒక్కటీ లేదు, ఓడ లేని ఇల్లూ లేదు.