జానెడు నీలిదారముపై వాక్యూమ్ క్లీనర్ దండయాత్ర

సూర్యుడు ఎదురింటి మేడపై ఆరేసిన దుప్పట్లను దాటుకొని కిటికీ సందున తొంగిచూచుచుండగా, ఆ ఏటవాలు కిరణములలో ధూళికణ సహస్రములు నిర్భయముగా నాట్యమాడుచుండగా, ముందుగది తివాచీ నడుమ జానెడు నీలిదారమొకటి, కోటను పట్టిన శత్రురాజువలె కాలుమీద కాలు వేసుకొని పడియుండగా, కర్తరీధారణ ధురంధరులును, బిగుతైన నడుములను వదులు చేయుటయందు అసమానులును, ఇటీవలనే అంగడి మూసి ఇంటిపట్టున ఉన్నవారును అగు దర్జీ తాతగారు తమ పాత వాక్యూమ్ క్లీనరును రణరంగమునకు ఈడ్చుకొని వచ్చిరి.

ఆ యంత్రము సామాన్యమా? దాని వంశమూలపురుషుడు గుర్రపుబండంత దేహముతో వీధిలోనే నిలిచి, కిటికీలగుండా గొట్టములు దూర్చి, శ్రీమంతుల తివాచీల దుమ్ము మ్రింగెనట. తరతరములకు ఒళ్ళు కరిగి, కాళ్ళకు చక్రములు మొలిచి, బిందెను పడుకోబెట్టినట్టి రూపము దాల్చి, ఆ వంశాంకురము తాతగారి అంగడి చేరినది. గుడ్డసంచి దాని ఉదరము, గొట్టము దాని తొండము. దాని గర్జన విని పక్కవీధి పిల్లి పాలు త్రాగుట మానినదని తాతగారే చెప్పుదురు, మనము కాదనరాదు.

అయితే ఇల్లు చేరినది మొదలు ఆ మహావీరుడు నలుసునైనను పీల్చి ఎరుగడు. అందుచేత గృహసామ్రాజ్ఞి అగు ఇల్లాలు పాతసామాన్ల వ్యాపారిని పిలిపించి, గుమ్మమున నిలబెట్టి, తీర్పు చెప్పెను.

"ఆ ఒక్క దారం లాగితే ఇంట్లో ఉంటుంది. లేదంటే ఇతని బండెక్కుతుంది. ఎన్నాళ్ళని దాన్ని తప్పుకుని నడవమంటారు?"

తోడుగా చెమటోడ్చిన సహచరుని తూకమునకు వేయువాడు దర్జీయే కాడనియు, దారమేల, దారపుకండెనే మ్రింగించెదననియు, మెడలోని కొలతటేపు సాక్షిగా ప్రతినబూని, తాతగారు మీట నొక్కిరి. దిక్కులు దద్దరిల్లెను. నీలిదారము గాలిలోకెగిరి, పిల్లిమొగ్గ వేసి, వ్యాపారి మీసముపై విశ్రమించెను. యుద్ధధర్మమెరిగిన ఆ పుణ్యాత్ముడు దానిని తీసి మరల తివాచీపై పెట్టెను.

"పీల్చమంటే ఊదుతోంది. అంతా మీ పోలికే" అనెను ఇల్లాలు.

వ్యాపారి ముందుకు వచ్చి యంత్రపు పిడిపై చేయి వేసెను. తాతగారు చెంతకు వచ్చిరి. ఇంకను గర్జించుచున్న నేస్తమును కడపటిసారి నిమురుదమని వంగిరో లేదో, మెడలోని టేపు కొస సర్రున యంత్రపు ముందు రంధ్రమున దూరి, గుటకలు గుటకలుగా యావత్తును లోనికి పోయెను. తాతగారు ఖాళీ మెడ తడుముకొని, నోరు వెళ్ళబెట్టి, పిదప నెమ్మదిగా పలికిరి.

"గొట్టం గాలి బయటికొచ్చే వెనకవైపు పెట్టానే. కొట్లో కుట్టుమిషన్ల పీచు ఊదడానికి పెట్టుకున్నది, మళ్ళీ మార్చనేలేదు."

"అయితే ఇన్నాళ్ళూ దాన్ని తిట్టింది దండగే. మిమ్మల్ని తిట్టాల్సింది."

గొట్టము ముందుకు మారెను. తొండము సాగెను. నీలిదారము తివాచీ నూలును కరచిపట్టుకొని, వణికి, నిటారుగా లేచి, తుదకు శత్రూదరమున అంతర్ధానమయ్యెను. ఇల్లాలు మూతి ముడుచుకొని, ఉండనివ్వండని మాత్రము అనెను. వ్యాపారి ఖాళీబండి తోసుకొని పోయెను.

ఇట్లు ఒక కొలతటేపును బలియిచ్చి దర్జీ తాతగారు జానెడు దారమును జయించిరి. మిగిలిన తివాచీ, తన దుమ్ముతో సహా చెక్కుచెదరక, ఆ ఘనవిజయమును తిలకించెను.