240 హెర్ట్జ్ మసక

దాచకుండా చెప్పేస్తున్నాను: ఈ కథలో నేను ఫిర్దోస్ పక్షం.

ఫిర్దోస్ ప్రొద్దుటూరులో పెళ్ళి జాకెట్లు కుడుతుంది. ఈ నెల ఇంట్లోకి రావలసింది ఆమె ఎంబ్రాయిడరీ మెషీన్. పోయిన నెల వంతు భర్త వలి బాషాది. అతను గేమ్‌ల కోసం 240 హెర్ట్జ్ మానిటర్ తెచ్చుకున్నాడు. సెకనుకి రెండు వందల నలభై సార్లు బొమ్మ మారుస్తుందట. పులివెందుల స్నేహితులతో ఆడితే మాత్రం, ఎన్ని బొమ్మలు మారినా చచ్చేది వలి బాషానే.

"నా తప్పు కాదు మే. తల తిప్పితే సాలు, బొమ్మంతా అలుక్కుపోతాంది. 360 హెర్ట్జ్‌ది తెస్తే గానీ లాభం ల్యా. నీ మెషీన్ వచ్చే నెల సూస్తాం."

"అలుక్కుపోయేది బొమ్మనా, నా మెషీనా?"

"నీకు సూపిస్తా, ఉండు!"

బ్లర్ తగ్గించే ఓవర్‌డ్రైవ్ సెట్టింగును చివరిదాకా పెంచాడు. తెరమీద పరిగెత్తే ప్రతి మనిషి వెనకా ఒక తెల్లనీడ బయలుదేరింది. వెలుతురు వల్లేమోనని కిటికీలకు దుప్పట్లు కట్టాడు. లైటు ఆర్పాడు.

టీ తెచ్చిన అతని తల్లి దిల్షాద్‌బీ, ఆ చీకట్లో జాకెట్ తొడిగిన కుట్టుబొమ్మను కోడలనుకుని గ్లాసు అందించింది. జమ్మలమడుగు పెళ్ళికూతురి జాకెట్ తృటిలో తప్పించుకుంది. టీ బల్లమీద పడింది.

"పట్టపగలే ఈ చీకటేందిరా!"

ఫిర్దోస్ లైటు వేసి, బల్ల తుడవడానికి మానిటర్ జరిపింది. తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"మామా, ఇది మన పాత టీవీ వైరు కదా?"

"ఊఁ."

"దీంతో వచ్చిన వైరు యాడ?"

"బీరువాలో. కొత్తది గదా... రోజూ వాడితే పాడైపోతాదని."

పెళ్ళి షేర్వానీ కింద, కట్టు కూడా విప్పని వైరు దొరికింది. ఫిర్దోస్ దాన్ని తగిలించి సెట్టింగులు తెరిచింది. నెల రోజులుగా ఆ మానిటర్ నడుస్తున్నది అరవై హెర్ట్జ్ మీద! పాత వైరు మోయగలిగింది అంతే. 240 పెట్టి, ఓవర్‌డ్రైవ్ మామూలుకు దించింది. తల తిప్పినా బొమ్మ చెదరలేదు.

"ఇప్పుడు ఆడు."

ఆడాడు. పదో సెకనులో చచ్చాడు. ఎవడు, ఏ గోడ చాటు నుంచి కాల్చాడో శుభ్రంగా కనిపించింది.

"బాగనే కనపడ్తాందే!" అంది దిల్షాద్‌బీ. "ఆ నల్లచొక్కావోడు శానాసేపట్నించి నీ యెనకాలే ఉండాడు కదరా!"

వలి బాషా ఫోన్ తీసి మెషీన్ ఆర్డర్ పెట్టాడు.

"పెట్టె మాత్రం నేనే ఇప్పుతా," అంది ఫిర్దోస్.

పాడవుతుందని మీ ఇంట్లో వాడకుండా దాచిన కొత్త వస్తువేదైనా ఉంటే రాయండి. వలి బాషాకి కాస్త తోడు దొరుకుతుంది.