గెలవకముందే కుట్టించిన పతాకం

గురువారం ఉదయం మెంగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భార్య గుయ్‌ఝీ డ్రైవింగు పరీక్ష నెగ్గుతుంది. సాయంత్రం ఆయన ఒక ఎర్ర ముఖమల్ పతాకం పట్టుకుని డ్రైవింగు స్కూలుకు వెళతారు. ఆమె ఒక పక్క, ఆమెకు నేర్పిన కోచ్ హౌ ఒక పక్క, మధ్యలో పతాకం, ఒక ఫోటో. తరవాత ఇంటికొచ్చి చేప వండుకుంటారు. ఇందులో ఆయన చేతిలో లేనిది ఒక్కటే, ఆమె నెగ్గడం.

ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. నూడుల్సు గిన్నె ముందు కూర్చుని, తినే పుల్లను గేరు రాడ్డు అనుకుని ముందుకూ వెనక్కూ తోస్తోంది.

"తినవేం? చల్లారిపోతోంది," అన్నారు మాస్టారు.

"తింటే రివర్సులో కడుపు తిప్పుతుంది."

"కంగారెందుకు? ఓటమి గెలుపుకు తల్లి అన్నారు పెద్దలు."

"ఆ తల్లిని రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను మాస్టారూ. ఇంతవరకూ నెల తప్పింది లేదు."

మాస్టారు జీవితమంతా బడిలో సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర గెలుపుకు సామెతలు తక్కువ, ఓటమికి మాత్రం గాదెల కొద్దీ ఉన్నాయి. ఆయన్ని అనడానికి లేదు, మా పెద్దలు ఎక్కువగా వదిలివెళ్ళిన ఆస్తి అదే. గుయ్‌ఝీ మొదటిసారి పరీక్ష తప్పినప్పుడు "వెదురుబుట్టతో నీళ్ళు తోడినట్టయింది" అన్నారు. ఆ తరవాత "పులిని గీయబోతే కుక్క వచ్చింది, పోనీలే, కుక్క కూడా ఇంటికి పనికొస్తుంది" అన్నారు. ఆ పైసారి "కోడిని దొంగిలించబోయి గుప్పెట్లో బియ్యం పోగొట్టుకున్నట్టు" అని మొదలుపెట్టి, ఆమె చేతిలో గరిటె చూసి సగంలో ఆపేశారు. పాపం, ఆయన అదంతా ఓదార్పు అనే అనుకునేవారు.

అరవై దాటిన ఆడమనిషికి ఈ వయసులో కారెందుకని అడిగినవాళ్ళకి గుయ్‌ఝీ ఒకటే చెప్పేది. దోంగ్‌తింగ్ సరస్సు అవతల పల్లెలో ఆమె పెద్దక్క ఉంది. మోకాళ్ళు అరిగిపోయి నాలుగడుగులు వేయలేదు. ఆ పల్లెకి బస్సు మానేశారు. సరస్సు మీద కొత్త వంతెన పడింది గానీ, పెద్దక్క దాన్ని టీవీలో తప్ప చూడలేదు. "నేనే కారు నడుపుకుంటూ వచ్చి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వంతెన మీద తిప్పుతాను. అంతవరకూ నీ గడప తొక్కను," అని గుయ్‌ఝీ ఫోనులో మాట ఇచ్చేసింది. ఆ మాట ఇచ్చినప్పటినుంచి అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు ఫోను తెర మీద తప్ప చూసుకోలేదు.

ఆ రోజుది ఆఖరి అవకాశం. మైదానంలో గీతల మధ్య కారు నడిపే ఈ రెండో పరీక్ష ఇంకొక్కసారి తప్పితే, ఎప్పుడో గట్టెక్కిన రాతపరీక్షతో సహా అంతా రద్దయి, మళ్ళీ అ ఆల నుంచి మొదలు.

ఇక పతాకం సంగతి. మా ఊళ్ళో లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు కోచ్‌కి పసుపు కుచ్చుల ఎర్ర పతాకం ఇచ్చి ఫోటో దిగుతారు. పరీక్ష నెగ్గాక కుట్టిస్తారు, అది పద్ధతి. మాస్టారు మాత్రం ముందే కుట్టించారు. మా అపార్టుమెంటు మెట్ల కింద పాన్ అనే ఆవిడకి పతాకాల దుకాణం ఉంది. "సాయంత్రం మా గుయ్‌ఝీ ఆశ్చర్యపోవాలి. ఎవరికీ చెప్పకమ్మా," అని, బంగారు అక్షరాల్లో ఏం రాయాలో తనే కూర్చి ఇచ్చారు: ఓర్పుతో రాయిని సైతం నడిపించిన గురువుకు, పరీక్ష నెగ్గిన శుభవేళ, శిష్యురాలు తాంగ్ గుయ్‌ఝీ.

పాన్‌ది మంచి మనసు. ఊళ్ళో సగం గొడవలు మంచి మనసులవల్లే వస్తాయి. పతాకం పొద్దున్నే తయారైంది. ఆవిడకి డ్రైవింగు స్కూలు వైపే వేరే పని పడింది. పెద్దాయన ఎండలో అంత దూరం మోయడమెందుకని, తనే తీసుకెళ్ళి కోచ్ చేతిలో పెట్టి వచ్చింది.

కోచ్ హౌ నోరు మంచిది కాదని ఆ స్కూలంతా ఎరుగుదురు. "ఆంటీ, అది స్టీరింగు, పిండిముద్ద కాదు" అన్నది ఆయన నోట వచ్చే మాటల్లో మెత్తనిది. మిగతా కోచ్‌ల గోడలు పతాకాలతో పెళ్ళి పందిళ్ళలా ఎర్రగా ఉంటే, ఆయన గోడకి ఒక్క మేకే ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజున తనే కొట్టుకున్నాడు. దానికి ఇన్నాళ్ళూ టోపీ తగిలించుకునేవాడు.

అలాంటి మనిషి పతాకం విప్పి చదువుకున్నాడు. 'పరీక్ష నెగ్గిన శుభవేళ' దగ్గర కాసేపు ఆగాడు. పరీక్ష మధ్యాహ్నం కదా అన్న అనుమానం ఆయనకీ వచ్చింది. కానీ పెళ్ళి కాకుండా బారసాలకి ఎవరైనా పిలుస్తారా? పొద్దుటి జట్టులోకి మార్చి ఉంటారని తీర్మానించుకున్నాడు. టోపీ తీసి పతాకం తగిలించి, దాని పక్కన నిలబడి ఫోటో దిగి, శిష్యుల గ్రూపులో పెట్టాడు. కింద "తాంగ్ ఆంటీ నెగ్గింది. ఇక మీకెవరికీ సాకులు లేవు" అని రాశాడు.

ఆ ఫోటో పాన్‌కి చేరింది. నెగ్గేసిందన్నమాట అనుకుని ఆవిడ దాన్ని మా అపార్టుమెంటు గ్రూపులో పెట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. పాన్ పుట్టిల్లు, పెద్దక్క ఉండే పల్లె ఒకటే. ఫోను అక్కడికీ వెళ్ళింది.

మాస్టారు అప్పుడు బజారులో చేప ఎంచుకుంటున్నారు. "శుభం మాస్టారూ, ఇంటావిడ సాధించిందటగా," అన్నాడు చేపలవాడు. కూరల మనిషి ఉల్లికాడల కట్ట ఊరికే ఇచ్చింది. ఎదురింటి పెద్దమనిషి చేయి పట్టుకుని ఊపేశాడు. "ఇంకా కాలేదండీ, మధ్యాహ్నం పరీక్ష" అని ఒక్క మాట చాలు, అన్నీ అక్కడే ఆగిపోయేవి. కానీ రెండేళ్ళుగా ఆయన ఇంటికి జాలి తప్ప అభినందన రాలేదు. మనిషి కదా, నవ్వేశారు. ఎలాగూ మధ్యాహ్నానికి నిజమవుతుంది, ఈ లోపు అందరినీ ఎందుకు చిన్నబుచ్చడం అనుకున్నారు. ఆ నవ్వు తలచుకుని ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటారు.

పరీక్ష హాలు బయట గుయ్‌ఝీ ఫోను మోగింది. పెద్దక్క.

"చెల్లీ, నెగ్గావటగా. నాకు తెలుసే, నువ్వు మొండిదానివి. పెద్దబాతుని కోసేశాను."

"ఎవరు చెప్పారక్కా? నేనింకా..."

"ఊరంతా చెబుతోంది. నాకు ఏడుపొస్తోందే, మళ్ళీ మాట్లాడతా," అని పెద్దక్క పెట్టేసింది. తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

గుయ్‌ఝీ ఫోనులో గ్రూపు తెరిచింది. ఎర్ర పతాకం, దాని మీద తన పేరు, పక్కన ఎన్నడూ నవ్వని కోచ్ పళ్ళన్నీ బయటపెట్టి. వెంటనే భర్తకి ఫోను చేసింది.

"మాస్టారూ, రాయి ఎవరు?"

"ఏ రాయి?"

"ఓర్పుతో నడిపించిన రాయి."

మాస్టారు చేప సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అదొక అలంకారం గుయ్‌ఝీ. నువ్వు మనసులో పెట్టుకోకు. ఎలాగూ నెగ్గుతావుగా."

"అక్క బాతుని కోసేసింది. ఇప్పుడు నేను తప్పితే ఆ బాతుకి ఏం చెప్పమంటారు?"

లోపలినుంచి ఆమె పేరు పిలిచారు. సరిగ్గా అప్పుడు మాస్టారుకి ఒక కథ గుర్తొచ్చింది. ఏటేటా పిల్లలకి చెప్పిన కథే. పాముని ఎవరు ముందు గీస్తే వాళ్ళకి సారా అని పందెం. ఒకడు అందరికన్నా ముందు గీసేసి, టైముంది కదా అని పాముకి కాళ్ళు కూడా పెట్టాడు. కాళ్ళున్నది పామే కాదని, సారా పక్కవాడు తాగేశాడు. ఆ కాళ్ళు పెట్టినవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో మాస్టారు ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రోజు చేపల బజారులో నిలబడి ఆలోచించారు. ఆయన కనీసం పామునైనా పూర్తి చేయలేదు.

ఆ పరీక్షలో రివర్సులో కారుని గీతల గూట్లోకి పెట్టాలి. గుయ్‌ఝీ అద్దంలోకి చూసింది. అద్దంలో గీత కనబడాల్సిన చోట పెద్దక్క, పొయ్యి, దాని మీద బాతు కనబడ్డాయి. చక్రం గీతనెక్కింది. అదే రోజు రెండో ప్రయత్నం ఇస్తారు, ఇచ్చారు. అదీ ఎక్కింది. కారులోని యంత్రం మర్యాదగా చెప్పింది: "పరీక్ష నెగ్గలేదు. దయచేసి మొదలుపెట్టిన చోటికి తిరిగి రండి."

ఆమె బస్సు దిగి అపార్టుమెంటు గేటు దగ్గరికి వచ్చేసరికి జనం పోగై ఉన్నారు. టపాసులు నిషేధం కాబట్టి, పాన్ తన దుకాణంలోంచి కరెంటు టపాసుల దండ తెచ్చి చెట్టుకి కట్టింది. ఆమె కనబడగానే ఎవరో మీట నొక్కారు. దండ ఎర్రగా మెరుస్తూ చెవులు చిల్లులుపడేలా పేలడం మొదలుపెట్టింది. మాస్టారు జనం వెనకాల చేప సంచీతో నిలబడి ఉన్నారు.

"నేను తప్పాను," అంది గుయ్‌ఝీ.

"ఏమిటీ?" అంది పాన్, చెవి దగ్గర చేయి పెట్టి.

"తప్పాను. పరీక్ష మధ్యాహ్నమే అయింది. పోయింది."

మనుషులందరూ నోళ్ళు మూసుకున్నారు. దండ మూసుకోలేదు. మీట ఎక్కడుందో నొక్కినవాడికే దొరకలేదు. ఆ మోతలోనే ఒక్కొక్కరూ తలలు వంచుకుని మెట్లెక్కిపోయారు. పాన్ కళ్ళు తుడుచుకుంటూ ప్లగ్గు వెతకసాగింది.

వంటింట్లో మాస్టారు చేపని సింకులో పెట్టి, కోచ్‌కి ఫోను చేసి జరిగింది చెప్పి, పతాకం దించమన్నారు.

"దించమంటే దించుతాను మాస్టారూ," అన్నాడు కోచ్. "కానీ దానిమీద ఉన్నది అబద్ధమేం కాదుగా. ఓర్పు పట్టిన మాట నిజమేగా. తేదీ ఒక్కటేగా తప్పు." మళ్ళీ తనే, "ఆంటీని సోమవారం రమ్మనండి. ఈసారి అరవను," అన్నాడు.

మాస్టారు తిరిగి చూస్తే గుయ్‌ఝీ కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"గుయ్‌ఝీ, నాది తప్పు. పెద్దలు ఏమన్నారంటే..."

"వద్దు మాస్టారూ." ఆమె గొంతు పెరగలేదు. "ఈ రెండేళ్ళలో నేను ఎండలో ఆ మైదానంలో నిలబడ్డాను, వానలో నిలబడ్డాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి గట్టు మీద కూర్చున్నారా మీరు? సాయంత్రం ఇంటికొస్తే చేతిలో ఒక సామెత పెట్టేవారు. అది కప్పుకుని పడుకునేదాన్ని. సామెతకి చలి ఆగుతుందా?"

మాస్టారు నిజంగానే వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో వెతుక్కుంటే కారణం కూడా దొరకలేదు. ఆమె ఓడిపోవడం చూడలేక అని చెప్పుకోవచ్చు. కానీ మధ్యాహ్నాలు ఆయన చదరంగం ఆడుకునేవారు, అంతే.

"అక్కకి నేను చెప్పాలి," అంది గుయ్‌ఝీ. "ఫోను ఎత్తడం లేదు. వీధి మొగలో కుర్చీ వేసుకుని నా కారు కోసం చూస్తూ ఉంటుంది."

అప్పుడే కిందినుంచి హారన్ వినిపించింది. ఆగకుండా మోగుతోంది. ఇద్దరూ కిటికీలోంచి తొంగి చూశారు.

కరెంటుతో నడిచే మూడు చక్రాల బండి ఒకటి గేటులోకి వచ్చింది. వెనక తొట్టిలో తామరదుంపల మట్టి, ఒక ఖాళీ గంప, గుడ్డ కప్పిన పెద్ద గిన్నె. హ్యాండిలు దగ్గర పూల స్కార్ఫు కట్టుకుని పెద్దక్క. ఎదురింటి పెద్దమనిషి కారుకీ పాన్ వ్యానుకీ మధ్య సందు ఉంది, బండి పడితే అటూ ఇటూ బెత్తెడు కూడా మిగలనంత సందు. పెద్దక్క బండి ముందుకి పోనిచ్చి, మెడ తిప్పి పాన్‌ని "ఏమ్మా బాగున్నావా, మీ అమ్మ కులాసానా" అని పలకరిస్తూనే, రివర్సులో ఆ సందులోకి తిన్నగా పెట్టేసింది. ఒక్కసారికే. అద్దం వైపు చూడను కూడా లేదు.

గుయ్‌ఝీ మెట్లు దిగి వచ్చేసరికి పెద్దక్క రెండు చేతులా మోకాళ్ళు పట్టుకుని దిగుతోంది.

"నువ్వు వస్తావని చూశానే. ఆగలేకపోయాను. పాన్ ఇప్పుడే చెప్పింది, పరీక్ష పోయిందటగా. పోతే పోయింది."

"అక్కా, నువ్వు గడప దాటలేవుగా?"

"నడవలేను. ఇది నడుస్తుందిగా."

"ఎప్పట్నుంచి నడుపుతున్నావు?"

పెద్దక్క స్కార్ఫు ముడి సర్దుకుంది. "పోయినేడాది తామరదుంపల కాలం నుంచి. వంతెన మీదుగా మీ బజారుకే వస్తాను, దుంపలు అమ్ముకుంటాను, మళ్ళీ పోతాను."

"మా బజారుకి? మా బజారు వెనకేగా మా ఇల్లు?"

"తెలుసు. ఒకసారి మీ మేడ కింద కూడా ఆగాను. నువ్వు బట్టలు ఆరేస్తున్నావు." పెద్దక్క గొంతు తగ్గించింది. "నువ్వేమో కారు నేర్చుకుని నన్ను వంతెన మీద తిప్పుతానంటివి. ఫోను చేసినప్పుడల్లా అదే మాట. నేనే నడుపుకుంటూ వచ్చేస్తే నీ మనసు విరిగిపోదటే? నెగ్గాక చూద్దాంలే అని ఊరుకున్నాను."

గుయ్‌ఝీకి పొద్దుటినుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. అక్క భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. పెద్దక్క కూడా ఏడ్చింది. పోయిన పరీక్షకి మళ్ళీ కూర్చోవచ్చు. ఆ రెండేళ్ళు ఇద్దరిలో ఎవరూ తిరిగి తెచ్చుకోలేరు.

"ఎన్నాళ్ళు పట్టిందక్కా నేర్చుకోడానికి?" అంది గుయ్‌ఝీ ముక్కు తుడుచుకుంటూ.

"ఏం నేర్చుకోవడం? అమ్మినవాడు తాళం ఇచ్చి అన్నానికెళ్ళాడు. వాడు వచ్చేలోగా నేను ఇంటికి వెళ్ళిపోయాను. పద, ఎక్కు. పొద్దు వాలుతోంది, ఇప్పుడు వంతెన మీద గాలి బాగుంటుంది."

"రాత్రికి?"

"రాత్రికి మా ఇంట్లోనే ఉంటావు. రేపూ ఉంటావు." పెద్దక్క గిన్నె తీసి మాస్టారు చేతుల్లో పెట్టింది. "మరిది గారూ, ఈకలు పీకి శుభ్రం చేసి తెచ్చాను. ఇక వండుకోవడమే."

గుయ్‌ఝీ తొట్టిలో గంప బోర్లించి దాని మీద కూర్చుంది. వెనక్కి తిరిగి భర్త వైపు ఒకసారి చూసింది, కోపంగా కాదు, అలసటగా. బండి సందులోంచి బయటపడి గేటు దాటింది. చెల్లెలు అక్క నడుం గట్టిగా పట్టుకుంది.

మెంగ్ మాస్టారు గిన్నె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. పెద్దబాతుని వండటం గురించి పెద్దలు ఏమీ చెప్పి వెళ్ళలేదు.