కుళ్ళాయప్ప ముక్కు, రెండంగుళాల నీళ్ళు

కుళ్ళాయప్ప కోరిక పెద్దదేం కాదు. ఒక్క రాత్రి ముక్కుతో గాలి పీల్చుకుంటూ నిద్రపోవాలి, అంతే. కంబదూరు మండలాఫీసులో రికార్డు గది గుమాస్తాగా చేరిన నాటి నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, ఆ గదిలోని దుమ్మంతా ఆయన ముక్కులోనే దాఖలవుతోంది. పొద్దున లేవగానే పాతిక తుమ్ములు, వేరుశనగ కాయలు కొట్టే రోజుల్లో నలభై. వాము పొట్లం వాసన చూశాడు, మిరియాల కషాయం తాగాడు, ఆవిరి పట్టి మొహం కాల్చుకున్నాడు. తుమ్మితే ఊడిపోయే ముక్కు అంటారే, అది నిజంగా ఊడిపోయినా బాగుండునని అనిపించాక ఆ సోమవారం సెలవు పెట్టాడు. ఏడు గంటల బస్సుకు అనంతపురం వెళ్ళి, ముక్కు డాక్టరుకు చూపించుకుని, సాయంత్రానికి తిరిగొచ్చి పడుకోవాలని ఏర్పాటు.

చెప్పులు వేసుకుంటుండగా భార్య హనుమంతమ్మ అడ్డం వచ్చింది.

"మా సుంకప్ప ఈ పొద్దు చేన్లో బోరు ఏయిస్తాండాడు గదా. టెంకాయ కొట్టేటప్పుడు ఇంటి అల్లుడు లేకుంటే బాగుండదు. అట్ల నిలబడి వచ్చేయ్. బస్సు యాడికీ పోదులే."

"పోయేదానికే గదమ్మే బస్సుండేది!" అన్నాడు కుళ్ళాయప్ప. అన్నాడే గానీ వెళ్ళాడు. తొమ్మిదేళ్ళు తుమ్మినవాడికి వాదించే ఓపిక ఎక్కడుంటుంది?

బావమరిది సుంకప్ప అప్పటికి మూడు బోర్లు వేయించి, మూడింటిలోనూ తెల్లటి రాతిపొడి చూసినవాడు. రెండేళ్ళుగా సరైన వాన లేదు. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగి గుర్తు పెట్టిన చోట రిగ్గు లారీ నిలబెట్టి, పూజ మొదలుపెట్టారు. ఊదుబత్తి పొగ ఇటు తిరిగింది. కుళ్ళాయప్ప ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఒంటి తుమ్ము!" అని అందరూ వెనక్కి జరిగారు.

"ఏం బావా, ఇప్పుడే తుమ్మాల్నా?" అన్నాడు సుంకప్ప. ఏడుపొక్కటే తక్కువ.

"ఇది ఎలర్జీ రా. శకునం గాదు."

"ఏదైతే ఏమి, తుమ్ము తుమ్మే గదా!"

లారీ ఇరవై అడుగులు జరిగింది. మళ్ళీ ఊదుబత్తి, మళ్ళీ ఒంటి తుమ్ము. రిగ్గు డ్రైవరు తమిళంలో ఏదో గొణిగాడు. మూడోచోట, కంపచెట్ల పక్కన, దేవుడి దయవల్ల తుమ్ములు రెండు వచ్చాయి. జంట తుమ్ము శుభమని చెప్పి అక్కడే మొదలుపెట్టారు. రోడ్డు మీద ఏడు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. రిగ్గు లేపిన దుమ్ములో కుళ్ళాయప్ప ఇంకో అరవై తుమ్మాడు గానీ, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే అప్పుడే రెండంగుళాల నీళ్ళు పైకి లేచాయి.

సుంకప్ప తడిసిన బట్టలతో బావ కాళ్ళ మీద పడ్డాడు. "బావా, నీది ముక్కు గాదు, గంగమ్మ గుడి!"

బుధవారానికి వాకిట్లో ఎనిమిదిమంది. "అన్నా, మా చేన్లో గూడా ఒక్క జంట తుమ్ము తుమ్మిపో" అని బతిమాలుతున్నారు. పాపం, ఎండిన చేలల్లో నడిచీ నడిచీ ఆయన ముక్కు పండు మిరపకాయైంది. ఒకచోట నీళ్ళు పడ్డాయి, మూడుచోట్ల పడలేదు. పడనిచోట ఆయన మనసుపెట్టి తుమ్మలేదన్నారు.

"డాక్టరు దగ్గరికి పోతానే" అన్నాడు రాత్రి.

"బాగుండాదే! నలుగురికి నీళ్ళిచ్చే ముక్కును చెడగొట్టుకుంటావా?" అంది హనుమంతమ్మ. వచ్చినవాళ్ళు ఆమెను వదినా, అక్కా అని పిలుస్తున్నారు. ఆ పిలుపులు ఆమెకు నచ్చాయి.

శుక్రవారం, ఆఫీసు ఫైలు ఇచ్చొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి కుళ్ళాయప్ప అనంతపురం పారిపోయాడు. డాక్టరు చూశాడు. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు, రికార్డు గదిలో ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు, ఒక మాత్ర రాసిచ్చాడు. "రాత్రిపూటే వేసుకోండి, మత్తుగా ఉంటుంది" అన్నాడు. రాత్రిదాకా ఆగేది ఎవరు? మందుల షాపు ముందే మింగేశాడు.

బస్టాండులో దివాకర్ రెడ్డి జీపు ఎదురైంది. నలభై ఎకరాల ఆసామి.

"ఏమప్పా, నీకోసం ఆఫీసుకు పోతే ఈడుండావని చెప్పినారు. ఎక్కు. రిగ్గు పొద్దున్నుంచి కాచుకోనుండాది."

చేనంతా తిప్పారు. తుమ్ము లేదు. ఊదుబత్తులు కట్టకట్ట వెలిగించారు, నశ్యం పీల్పించారు, చివరికి ఎండుమిరపకాయలు కాల్చారు. అందరూ దగ్గారు. కుళ్ళాయప్ప మాత్రం ముక్కు నిండా గాలి పీల్చుకున్నాడు. గాలి ఇంత హాయిగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాడు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. తర్వాత నిద్రొచ్చింది. గట్టు పక్కన అలాగే ఒరిగిపోయాడు.

"వీడేందప్పా, పడుకున్నాడు!" అని దివాకర్ రెడ్డి మండిపడ్డాడు.

"పొద్దు పోతాండాది రెడ్డీ," అన్నాడు కూడా వచ్చిన సుంకప్ప, బావ పరువు కాపాడాలని. "తుమ్మితే ఒక గుర్తు, పడుకుంటే ఒక గుర్తు. ఆడనే ఏయించు."

నలుగురు కలిసి ఆయన్ను దుప్పట్లో పక్కకు మోశారు. పడుకున్నచోటే బోరు వేశారు. ఆ మోతకు కూడా ఆయన లేవలేదు. మొహం మీద చల్లటి నీళ్ళు పడ్డాక లేచాడు. మూడంగుళాలు!

ఇంటికి వచ్చేసరికి హనుమంతమ్మ ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో, బావ జేబులోంచి తీసి సుంకప్ప ముందే తెచ్చిచ్చిన మాత్రతో గుమ్మంలో నిలబడి ఉంది.

"రేపు పొద్దున్నే వేసుకో, మర్చిపోవద్దు. బోరు ఏయించే కుందుర్పి ఊరోళ్ళు మంచం గూడా వాళ్ళే తెస్తారంట."

ఇప్పుడు కుళ్ళాయప్పకు తుమ్ములు పూర్తిగా తగ్గిపోయాయి. చేను మధ్యలో మంచం వేసి, చుట్టూ ముప్పైమంది నిలబడి ఎప్పుడు పడుకుంటాడా అని చూస్తుంటే, నిద్ర మాత్రం పట్టడం లేదు.