వచ్చే సోమవారం బీపీ

గురువారం పొద్దున భర్త బీపీ పుస్తకం తెరిచిన చెకింగ్ మేడమ్‌కి, వచ్చే సోమవారం నాటి బీపీ అందులో కనిపించింది.

126/80. పక్కనే ఆయన గుండ్రటి దస్తూరీ: 'హుషారుగా ఉంది.' శనివారానికి 128/82. శుక్రవారం దగ్గర 'తల కొంచెం బరువు, గంటసేపు పడుకుంటే పోయింది' అని ఉంది. రేపు రావాల్సిన తలనొప్పి వచ్చి, తగ్గి, వెళ్ళిపోయింది కూడా.

ఆవిడకి బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. నిన్నటి టికెట్లు పట్టుకుంది, చింపి అతికించిన టికెట్లు పట్టుకుంది. బస్సు బయలుదేరకముందే ఊరు చేరిపోయిన ప్రయాణికుణ్ణి మాత్రం ఇదే చూడటం.

భర్త బడిలో సైన్సు చెబుతాడు. అందరూ ప్రయోగాల మాస్టారంటారు. ఆరు వారాల కిందట, పొద్దున లేస్తూనే మెడ వెనక నుంచి నడినెత్తి దాకా సుత్తి దెబ్బల్లా నొప్పి వస్తోందంటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. 172/110. రోజుకో టాబ్లెట్, ఉప్పు సగానికి సగం, అరగంట నడక. రోజూ చేతికి పట్టీ చుట్టుకుని బీపీ చూసుకోవాలి, పుస్తకంలో రాయాలి. ఆ అంకెల్ని బట్టే మందు మార్చేదని డాక్టరు చెప్పాడు. ఎల్లుండే మళ్ళీ వెళ్ళాల్సిన రోజు.

పుస్తకం ప్రకారం మాస్టారు కులాసా. కానీ కొన్నాళ్ళుగా పొద్దున్నే తలుపు పట్టుకుని కళ్ళు మూసుకు నిలబడుతున్నాడు. అడిగితే పాఠం గురించి ఆలోచిస్తున్నానంటాడు.

ఆవిడకి అనుమానం వచ్చి, ఉతకడానికి పడేసిన తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టింది. సుద్దముక్కల మధ్య ఇరవై ఎనిమిది టాబ్లెట్లు. సరిగ్గా నాలుగు వారాలు. అంటే రోజూ ఆవిడ కళ్ళెదుట గుటకలు వేసింది ఒట్టి మంచినీళ్ళన్నమాట.

కోపం వచ్చింది, వెనకాలే భయం వచ్చింది. డాక్టరు ఈ అంకెలు నమ్మితే ఉన్న మందు తగ్గిస్తాడు. నమ్మకపోతే మందు పనిచేయట్లేదని ఇంకో రెండు కలుపుతాడు. ఎటు తిరిగినా దెబ్బ పడేది మాస్టారికే.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. ఛాతీ నొప్పి గానీ, చూపు మసకబారడం గానీ, మాట తడబడటం గానీ ఉంటే ఈ క్షణమే తీసుకురమ్మన్నాడు. అవేవీ లేకపోతే ఇవాళ్టి నుంచి రోజూ ఒక టాబ్లెట్ ఎదురుగా నిలబడి మింగించి, శనివారం తీసుకురమ్మన్నాడు. ఒక్క సంగతి మాత్రం మరీ మరీ చెప్పాడు: ఇంట్లో పోట్లాట వద్దు, బీపీ ఎగబాకుతుంది.

టాబ్లెట్ మాస్టారికి, పథ్యం ఆవిడకి.

అరవకూడదు, నిలదీయకూడదు. సరే, పుస్తకంలో ఉన్నదున్నట్టు జరిపించేద్దామనుకుంది.

గురువారం దగ్గర 'చాలా హుషారు, అరగంట నడక' అని ఉంది. సాయంత్రం మాస్టారు కణతలు నొక్కుకుంటూ ఇంట్లో అడుగుపెట్టి, ఆ లైటు ఆర్పమన్నాడు.

"ఇవాళ ఎంత హుషారుగా ఉన్నారండీ," అంది ఆవిడ. "పదండి, నడుద్దాం."

"నేనా? హుషారుగానా?"

"ఏం, లేరా?"

ఉన్నానన్నాడు. వీధిలో ప్రతి దీపస్తంభాన్నీ ఆనుకుని నిలబడి, దాన్ని ఎలా పాతుతారో భార్యకి వివరించాడు. ఆవిడ ఓపిగ్గా తొమ్మిది స్తంభాల గురించి తెలుసుకుంది.

ఇంటికొచ్చాక, ఇవాళ నా చేత్తో వేస్తానంటూ టాబ్లెట్ నోట్లో పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ముంచుకొచ్చిన ఈ ప్రేమకి మాస్టారు బిత్తరపోయి, దాన్ని బుగ్గన దాచాడు. ఆవిడ ఆయన చిన్ననాటి స్నేహితులందరి పేర్లూ అడిగింది. మూడో పేరు దగ్గర టాబ్లెట్ గొంతు దిగింది.

శుక్రవారం సాయంత్రం బడిలో చదరంగం పోటీ. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేసరికి గదిలో పరదాలు దింపి ఉన్నాయి, పక్క వేసి ఉంది. ఆవిడ తడిగుడ్డ పిండుతోంది.

"మీకు తల కొంచెం బరువుగా ఉంది, పడుకోండి."

"లేదోయ్. నిజంగా లేదు. ఈ నెల్లాళ్ళలో ఇవాళే కాస్త తేలిగ్గా ఉంది."

"నెల్లాళ్ళలోనా? మీకు రోజూ తేలిగ్గానే ఉంటోంది కదండీ."

మాస్టారు ఇస్త్రీ చొక్కా విప్పి, వెళ్ళి పడుకున్నాడు. తను రాసిన జోస్యమే తనని మంచానికి కట్టేసిందని ఆయనకి అర్థమైంది. సరిగ్గా గంటకి ఆవిడ వచ్చి, పోయింది కదా, లేవమంది. అప్పటికి పోటీ కూడా పోయింది.

శనివారం డాక్టరు పట్టీ బిగించి రెండుసార్లు చూశాడు. 166/104. ఫోన్ సంగతి ఎరగనట్టే పుస్తకం చూశాడు. ఇంత క్రమంగా మందు వేసుకుంటున్నా ఇక్కడ ఇలా ఉందంటే మొండి బీపీ కావచ్చన్నాడు. ఇంకో రెండు మందులు, కిడ్నీలకి స్కానింగ్, ఒక రోజంతా చేతికి యంత్రం, అరగంటకోసారి బిగుస్తుందన్నాడు.

"పాపం, ఒక్క పూట కూడా మానలేదు," అంది చెకింగ్ మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ. టికెట్ లేనివాణ్ణి మొదట అడగకూడదని ఆవిడకి తెలుసు. పక్క సీట్లు చూస్తూ ఉంటే వాడే లేచి నిలబడతాడు.

డాక్టరు పేజీ తిప్పాడు. "సోమవారం 126/80. సంతోషం, ఎల్లుండి మీరు బాగానే ఉంటారు." కళ్ళజోడు తీసి మెల్లగా అడిగాడు. "మాస్టారూ, మొదటి రెండు వారాల్లో బీపీ చక్కగా దిగింది. ఆ అంకెలైనా నిజమైతే, ఈ ఒక్క టాబ్లెట్‌తోనే మీకు నయమవుతుంది. ఇవేవీ అక్కర్లేదు. అవి నిజమేనా?"

భార్య కిటికీలోంచి చూపు తిప్పి భర్త వైపు చూసింది. ఈసారి ఆవిడ చూపులో తనిఖీ లేదు.

"మొదటి పద్నాలుగూ నిజమేనండి," అన్నాడు మాస్టారు. "ఒట్టు. నొప్పి పూర్తిగా పోయింది. పోయాక ఇంకా మందెందుకని మానేశాను. వారం తిరక్కుండా మళ్ళీ మొదలైంది. అప్పుడే చెబితే ఈవిడ ఒక్క మాట అని ఊరుకునేది. ఆ ఒక్క మాటకి భయపడి రోజుకో అబద్ధం రాశాను. తర్వాత రోజూ రాయడానికి బద్ధకమేసి, ఆదివారం కూర్చుని వారం పది రోజులకి సరిపడా రాసిపెట్టుకున్నాను. ప్రయోగాల రికార్డుల్లో దొంగ అంకెలు వేసే పిల్లల్ని పట్టుకునేవాణ్ణి కదండీ, పట్టుబడకుండా ఎలా వేయాలో తెలుసు. మధ్యమధ్య కాస్త తలనొప్పి కూడా రాసుకున్నాను. టాబ్లెట్ ఇక మాననండి. ఇవాళ్టి అంకె మాత్రం ఆవిడ చేత రాయించండి. పెన్ను నా చేతికిస్తే మళ్ళీ 128 అనే రాస్తుంది."