నొప్పి తెలియకుండా తీసేస్తారట

ఆ పొద్దున క్రేన్ ఆపరేటరు పెట్టుకున్న పని ఒక్కటే: ఒక పూట సెలవడిగి దవడ పన్ను పీకించుకోవడం. భారీ యంత్రాలు చేసే ఆ ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గిస్తారని పుకారు పుట్టినప్పటి నుంచీ సెలవు ఊసెత్తే సాహసం ఎవరూ చేయడం లేదు. అతనూ పంటి బిగువున నెట్టుకొచ్చాడు గానీ, ఆ బిగువే ఇప్పుడు నొప్పెడుతోంది.

మేనేజరు తలెత్తకుండానే "సరే, వెళ్ళు" అన్నాడు. ఆపరేటరు బుగ్గ పట్టుకుని, కళ్ళనీళ్ళతో బయటికొచ్చాడు. వెల్డరు ఎదురయ్యాడు.

"ఏంటన్నా, ఆ మొహం?"

"తీసేస్తారట," అన్నాడు ఆపరేటరు, వాచిన నోటితో.

"ఎప్పుడు?"

"ఇవాళే. చుట్టుపక్కల కూడా చూసి, అవసరమైతే తీసేస్తారట."

చుట్టుపక్కల ఉన్నది వెల్డరొక్కడే.

"నువ్వేం అనలేదా?"

"ఏమంటాను? నొప్పి తెలియకుండా చేస్తారట."

ఆపరేటరు ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. వెల్డరు ఫిట్టరుతో చెప్పాడు. ఫిట్టరు చెప్పేసరికి ఒకరు కాస్తా ఒక షెడ్డయింది. మాట ఫౌండ్రీకి చేరేసరికి ఫ్యాక్టరీనే మూసేస్తున్నారట. మధ్యాహ్నానికి యంత్రాలన్నీ ఆగాయి. జనమంతా గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

కిటికీలోంచి చూసిన మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. వచ్చే వారం నాలుగు వందల మందిని పంపేయాలన్న సంగతి తనకూ పైఆఫీసు పెద్దాయనకూ తప్ప మూడో చెవికి తెలియదు. వెంటనే పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"సార్, గుట్టు రట్టయింది!"

"ఇద్దరికే తెలుసు కదయ్యా," అన్నాడు పెద్దాయన. "నేనైతే చెప్పలేదు."

సాయంత్రానికి కబురొచ్చింది: ఉద్యోగాల కోత ఆపేశారు, మేనేజరును మాత్రం ఇంటికి పంపారు.

నోట్లో దూది కుక్కుకుని బండి కోసం తిరిగొచ్చిన ఆపరేటరును జనం అమాంతం భుజాలకెత్తుకున్నారు. పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి నిలదీసిన మొనగాడు అతనేనట! అసలు సంగతి చెప్పబోయాడు. మొద్దుబారిన నాలుక "ఊఁ, ఊఁ" అంది. చప్పట్లు మారుమోగాయి.

"చేసింది చెప్పుకోడు చూడు, అదీ పెద్దరికమంటే," అన్నాడు ఫిట్టరు కళ్ళు తుడుచుకుంటూ. అక్కడికక్కడే అతన్ని తమ నాయకుణ్ణి చేసుకున్నారు.

మర్నాడే పైఆఫీసుతో చర్చలు. ఇంటికొచ్చి సైగలతో, నానా తంటాలు పడి భార్యకంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"రేపు కూడా దూది పెట్టుకునే వెళ్ళండి."